మానెడు తవుడు

లక్ష్మీసాహితి కనపడకుండా పోయిన రోజు గురువారం. పొద్దున వాన పడింది. బడి వదిలే వేళకి తెరిపిచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, పుట్టు చెవుడు, అందువల్ల మాటా లేదు. రోజూలాగే బడి గేటు దాటి, రిటైర్డు టీచరు వర్ధనమ్మ గారి ఇంటివైపు నడిచింది. ఆ ఇంట్లో వంటపని చేసే తల్లి సాయంత్రం పని ముగించేదాకా పిల్ల అక్కడే కూర్చొని చదువుకుంటుంది. బడికీ ఆ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క మలుపు. ఆ మలుపు దాటి పిల్ల ఇవతలికి రాలేదు.

శనివారం పొద్దున తల్లి అప్పలలక్ష్మి నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు ఎదుట ఉన్న మేడ మెట్లు ఎక్కింది. ‘టి. నాయుడు, ప్రైవేట్ డిటెక్టివ్’ అన్న బోర్డు ఆమె చదవలేదు. ఎవరో వేలు పెట్టి చూపించారు, వచ్చింది.

“బాబూ, మా తవుణ్ణి ఎవులో ఎత్తుకెల్లిపోనారు. పోలీసులేమో మా అమ్మగారిని స్టేషన్లో కూకోబెట్టీసినారు. ఆయమ్మే మా గుంటని అమ్మీసినాదంట. నానొప్పుకోను బాబూ. మీరొచ్చి సెప్పండి.”

నాయుడు ఏఎస్సైగా రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళ ఏడుపు తగ్గేదాకా ఆగడం ఉద్యోగంలోనే అలవాటైంది. ఆగాడు. తర్వాత అడిగాడు.

“ఏ అమ్మగారు?”

“వర్దనమ్మ గారు. ఆరింట్లోనే నాను పని సేస్తన్నాను. పిల్ల సదువు ఖర్సంతా ఆయమ్మదే.”

“పిల్ల పేరు ఏటన్నావు?”

“బల్లో పేరు సాయితి. అమ్మగారే ఎట్టినారు. ఇంట్లో తవుడనే పిలుస్తాం.”

నాయుడు పెన్నుకి మూత పెట్టి జేబులో గుచ్చుకున్నాడు. “పద” అన్నాడు. ఇంక ఏమీ అడగలేదు.

స్టేషన్ వరండాలో ఒక యువకుడు ఫ్లాస్కు, ఇడ్లీ పొట్లం పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నిద్ర లేని కళ్ళు. అప్పలలక్ష్మిని చూసి తల దించుకున్నాడు. నాయుడు దగ్గరికి వచ్చి తనే చెప్పుకున్నాడు, పేరు హేమసుందర్, వర్ధనమ్మ మరిది కొడుకు, ఉండేది యలమంచిలిలో.

“పెద్దమ్మకి షుగరండీ. నిన్నట్నుంచీ సరిగ్గా తినలేదు. సీఐ గారు మీకు తెలిసినవారట కదా, మాట్లాడి బేగి పంపించీమనండి.”

“నిన్నటి నుంచీ ఇక్కడే ఉన్నావా?”

“ఎక్కడికి పోతానండీ? ఆవిడకి నేను తప్ప ఎవరున్నారు? కాయితాలన్నీ నేనే తెచ్చి సార్‌కి చూపించాను. దాచిపెడితే ఆవిడకే నష్టం కదా.”

“ఏ కాయితాలు?”

“ఇన్‌కంటాక్సు రిటర్నులండీ.”

నాయుడు అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి లోపలికి నడిచాడు.

సీఐ మన్మథరావుది తెనాలి. ఈ ఊరికి బదిలీ మీద వచ్చి మూడు నెలలు కాలేదు. చురుకైనవాడు. ఆ సంగతి ఎదుటివాడికి తెలియాలన్న తొందర కొంచెం ఎక్కువ.

“రండి నాయుడు గారూ. రిటైరైనా జనం మిమ్మల్ని ఖాళీగా ఉండనివ్వట్లేదన్నమాట.”

“మీరున్నంత కాలం ఉండనివ్వరు లెండి.”

“బావుంది. టీ తాగి వెళ్ళండి. కేసు అయిపోయింది.”

“పిల్ల దొరికిందా?”

“దొరుకుద్ది.”

“అయితే అవలేదు. టీ తర్వాత తాగుతాను.”

మన్మథరావు కుర్చీ వెనక్కి జరిపాడు. బల్ల మీదున్న ఫోను తీసి, చెరిగిపోకుండా దాచుకున్న రికార్డింగు వినిపించాడు. అందులో ముందు అతని గొంతే ఉంది. ‘ఈ పిల్ల మీకేమవుద్ది?’ కాసేపటికి ఒక ఆడమనిషి గొంతు, తడబాటు లేకుండా. ‘నేను కొనుక్కున్న పిల్లండి.’

“విన్నారుగా? నా సర్వీసులో ఇంత తేలిగ్గా ఒప్పుకున్నవాళ్ళని చూళ్ళేదు. కొట్టలేదు, తిట్టలేదు. పైగా ఆ పిల్లని రెండేళ్ళుగా రిటర్నులో తన కూతురని చూపిస్తోంది. వైకల్యమున్న బిడ్డ తన మీద ఆధారపడి ఉందని పన్ను మినహాయింపు. కన్నతల్లి అదే ఇంట్లో గిన్నెలు తోముతుంటే! పిల్ల ఆధార్‌లో తల్లి పేరు వేరే ఉందని డిపార్టుమెంటువాళ్ళు పట్టుకున్నారు. కూతురేనని రుజువు చూపించమని నోటీసిచ్చారు. ఎక్కణ్ణుంచి చూపిస్తుంది? పిల్లనే దాటించేసింది.”

“పిల్లని దాటించేస్తే నోటీసు రద్దయిపోతుందా? అలా అయితే రిటర్నులు వేసే జూలై నెలలో ఈ జిల్లాలో సగం మంది పిల్లలు కనపడకూడదు.”

“వెటకారం బానే ఉంది. దానికి సాక్షి కూడా ఉంది. మలుపులో ఇడ్లీలమ్మే దేవుడమ్మ. హెల్మెట్ పెట్టుకున్నోడు బండి మీదొచ్చి, డబ్బులు రెడీ అని ఇలా సైగ చేశాడు.” మన్మథరావు బొటనవేలిని నాలుగు వేళ్ళ మీద రుద్ది చూపించాడు. “ఎదురుగా ఉన్నది వర్ధనమ్మ ఇల్లే. ఎవరికి చేశాడంటారు?”

నాయుడు ఆ వేళ్ళ వంక చూశాడు. వేరే ప్రశ్న వేశాడు.

“పిల్లని ఎంతకి కొన్నానంది?”

సీఐ కొంచెం తటపటాయించాడు.

“అదే నవ్వొచ్చే సంగతి. మానెడు తవుడికి కొన్నానంటది. రేపు కోర్టులో మతి లేదని తప్పించుకోడానికి ఇప్పట్నుంచీ నాటకం.”

“నాటకం కాదు. ధర అంతే.”

“ఏంటి?”

“నా బోర్డు మీద ‘టి’ అంటే ఏటనుకున్నారు?”

“తిరుపతి నాయుడా?”

“తవిటినాయుడు. నన్నూ అంతకే కొన్నారు.”

మూల బల్ల దగ్గర రాసుకుంటున్న రైటర్ సింగన్న ఫక్కున నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నాడు. మన్మథరావు అతనికేసి చూశాడు. “నీకూ తెలుసా ఇది?”

“మా మేనత్త పేరు తవిటమ్మండి” అన్నాడు సింగన్న.

“నిన్నట్నుంచీ చెప్పవేం?”

“మీరు అడగలేదండి.”

నాయుడు చెప్పాడు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయే ఇంట్లో, ఈసారి పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెడతారు. పిల్లాపాపా నిలిచిన ఇంటి ఆడమనిషిని ఒకరిని పిలుస్తారు. ఆవిడ మానెడు తవుడు పోసి బిడ్డని కొనుక్కుంటుంది. కొనుక్కొని, ‘నా పిల్లని నీ దగ్గరుంచి పెంచు’ అని కన్నతల్లి చేతిలోనే పెడుతుంది. ఇంటికి వచ్చిన మృత్యువు బిడ్డ కోసం చూస్తే, అది ఆ ఇంటి బిడ్డ కాదు. పేరులో మాత్రం తవుడు మిగిలిపోతుంది.

“ఇదంతా నేను డైరీలో రాయాలా?” అన్నాడు మన్మథరావు. గొంతులో వెటకారం ముందంత లేదు.

“ఆవిడతో మాట్లాడనివ్వండి. తర్వాత రాద్దురు గాని.”

వర్ధనమ్మ పక్కగదిలో బెంచీ మీద, క్లాసులో పరీక్ష జరుగుతున్నప్పుడు కూర్చునే టీచరులా నిటారుగా కూర్చొని ఉంది. ఇడ్లీ పొట్లం విప్పకుండా పక్కన ఉంది. నాయుడు ఎదురుగా స్టూలు లాక్కున్నాడు. సీఐ తలుపుకి ఆనుకొని నిలబడ్డాడు.

“అప్పలలక్ష్మి పంపిందండీ నన్ను. తవిటికి కొన్న సంగతి నాకు అర్థమైంది. అది మీ నోట చెప్పించుకోడానికి రాలేదు.”

ఆమె తల ఊపింది. అయినా చెప్పింది.

“దానికి ముందు అప్పలలక్ష్మికి ఇద్దరు పుట్టి పోయారు. మూడోసారి పురిటికి నన్ను రమ్మంది. అప్పటికి మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది, ఆరోగ్యంగా ఉంది. అందుకని నన్ను అడిగింది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. వెళ్ళకుండా ఉండడానికి కారణమూ కనపడలేదు.”

“రిటర్నులో కూతురని ఎందుకు రాయించారు?”

ఆమె కొంగు చివర సర్దుకుంది. చాలాసేపు సర్దుకుంది.

“సోమయాజులు గారని, నా పింఛను రిటర్ను ఏటా ఆయనే వేస్తారు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి జ్వరంతో పోయింది. ఆ నెలలోనే రిటర్నుకి ఆఖరు తేదీ. సుందరం, మా మరిది కొడుకు, నన్ను తీసుకెళ్ళి బయట కూర్చున్నాడు. ఆయనకి సంగతి తెలియదు. ‘మీ మీద ఆధారపడిన పిల్లలెవరైనా ఉన్నారా మేడం?’ అని అడిగారు. అందరినీ అడిగే ప్రశ్నే.”

నాయుడు స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

“లేరు అనాలి. ఆ మాట అప్పటికి ఇంకా ఎక్కడా అనలేదు. అనడానికి నోరు రాలేదు. ‘కొనుక్కున్న పిల్ల ఒకతి ఉంది’ అన్నాను. ఎవరని అడిగితే పేరు చెప్పాను. వినపడదని కూడా చెప్పాను. సర్టిఫికెట్ ఉందా అన్నారు. ఉందన్నాను. పిల్ల కాయితాలన్నీ మా ఇంట్లోనే ఉంటాయి. కవరులో పెట్టిస్తే సుందరం పట్టుకెళ్ళి ఇచ్చాడు.”

“ఆయన ఏమని రాసుకున్నారో చూశారా?”

“చూడలేదు. నోటీసు వచ్చిందని నిన్న సీఐ గారు చెప్పేదాకా దానిలో కూతురని ఉందని నాకు తెలియదు.”

“నోటీసు మీకు రాలేదా?”

“ఆ ఫోను నంబరూ, మెయిలూ అన్నీ సుందరానివే. ఆ ఓటీపీలవీ నాకు చేతకావు.”

తలుపు దగ్గర మన్మథరావు కదిలాడు. నాయుడు లేచాడు. గది దాటబోతుంటే వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

“నాయుడు గారూ, పోలీసులు ఊరంతా దాన్ని పేరు పెట్టి పిలుస్తూ వెతుకుతున్నారట. దానికి వినపడదు. ఆ సంగతి ఎవరైనా వాళ్ళకి చెప్పారా?”

సీఐ తల తిప్పుకొని బయటికి నడిచాడు.

వరండాలోకి రాగానే మాత్రం తేరుకున్నాడు. “సరే నాయుడు గారూ, తవుడు కథలో గెలుపు మీదే. మరి డబ్బులు సైగ మాటేంటి? అదీ ఆచారమేనా?”

“దేవుడమ్మ దగ్గరికి పోదాం. సైగ చేసిన చోటు చూడాలి.”

“నేనూ వస్తా. మీ ముఖం చూడాలి అప్పుడు.”

“నానూ వస్తాను” అంది అప్పలలక్ష్మి. రెండు రోజులుగా స్టేషన్ మెట్ల మీద కూర్చున్న మనిషిని ఆ మలుపు దగ్గరికి ఎవరూ తీసుకెళ్ళలేదు.

హేమసుందర్ ఫ్లాస్కు బెంచీ మీద పెట్టాడు. “నేను ఈలోగా యలమంచిలి వెళ్ళి లాయరు గారిని తీసుకొచ్చీస్తానండి. ఆదివారమైతే దొరకరు.”

“వెళ్ళిరా, వెళ్ళిరా” అన్నాడు సీఐ, జీపు ఎక్కుతూ.

దేవుడమ్మ తోపుడు బండి మీద పొద్దున ఇడ్లీ, సాయంత్రం బజ్జీ. పోలీసు జీపు ఆగగానే తినేవాళ్ళు ఇద్దరు ప్లేట్లు అక్కడే పెట్టి పక్కకి జరిగారు.

“ఓలమ్మ, మల్లీ వొచ్చినారేటి! నా బేరం ఇంక సాగినట్టే” అంది దేవుడమ్మ.

నాయుడు ముందు ఆమె దగ్గరికి పోలేదు. మలుపులో కరెంటు స్తంభం ఉంది. గురువారం పొద్దున్న పడిన వానకి బురదైన నేల, తర్వాత ఎండకి గట్టిపడింది. స్తంభం మొదట్లో బండి టైరు గీతలు, వాటి పక్కన స్టాండు దిగిన గుంట. లోతుగా ఉంది. చుట్టూ బూటు గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దారిన పోతూ ఆగిన మనిషివి కావు అవి. స్టాండు వేసి, అటూ ఇటూ కాళ్ళు మార్చుకుంటూ ఎదురుచూసిన మనిషివి.

నాయుడు ఆ గుర్తుల మీదే నిలబడి వర్ధనమ్మ ఇంటివైపు చూశాడు. ఇల్లు కనపడలేదు. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, రెండు వెదుళ్ళకి కట్టి, అడ్డంగా ఉంది.

“ఈ ఫ్లెక్సీ ఎప్పుడు కట్టారు?”

“బుదారం” అంది దేవుడమ్మ. “పుట్టినరోజు అయిపోయినా ఇప్పరు. నా బండికి ఎండ తగలకుండా బాగానే ఉందని నానూ ఊరుకున్నాను.”

“సీఐ గారూ, ఇలా వచ్చి నిలబడండి. వర్ధనమ్మ గారి వరండా కనపడుతోందా?”

మన్మథరావు నిలబడ్డాడు. ఒకసారి కుడికి వంగాడు, ఒకసారి ఎడమకి. “లేదు” అన్నాడు చివరికి.

“ఆ సైగ ఆ ఇంటికి కాదు. ఇక్కణ్ణుంచి కనపడేది బడి గేటొక్కటే.” నాయుడు బండి దగ్గరికి నడిచాడు. “దేవుడమ్మా, ఆ పూట చూసింది చూసినట్టు చెప్పు.”

“సెప్పినాను కదా బాబూ. బండాడు డబ్బులు డబ్బులు అన్నట్టు ఏళ్ళు రుద్దినాడు. గుంట సూసి నవ్వీసింది. పరుగెట్టుకొచ్చి ఎనకాల ఎక్కీసింది. ఆల సుట్టాలే అనుకున్నాను. ఏడిస్తే నానూరుకుంటానా? గరిటి తీసుకుని ముకం మీద ఏద్దును.”

“పిల్ల నవ్విందని సీఐ గారికి చెప్పావా?”

“ఆరు అడగనేదు. ‘డబ్బులు సైగ సేసాడా నేదా, ఒక్క ముక్కలో సెప్పు’ అన్నారు. సేసాడన్నాను.”

మన్మథరావు ముఖం ఎర్రబడింది. “చిన్నపిల్లకి డబ్బులిస్తానంటే నవ్వదా?”

“పిన్నీ” అంది అప్పలలక్ష్మి. అంతదాకా ఆమె ఎక్కడ నిలబడిందో ఎవరూ గమనించలేదు. “ఇంకోపాలి సెయ్యండి.”

“ఏటే?”

“ఆడు సేసినట్టు. సెయ్యి ఎలగ ఎట్టినాడో అలగే ఎట్టి సెయ్యండి.”

దేవుడమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టి, కొంగుకి చేయి తుడుచుకుంది. చేతిని నడుము ఎత్తుకి దించి, వేళ్ళు నేలవైపు ఉంచి, బొటనవేలితో మెల్లగా రుద్దింది. డబ్బులడిగేవాడు చేయి పైకెత్తుతాడు. ఇది కిందికి ఉంది. కోళ్ళకి ఏదో చల్లుతున్నట్టుగా ఉంది.

అప్పలలక్ష్మి బండి అంచు పట్టుకుంది.

“అది డబ్బులు కాదు బాబూ. అది తవుడు. తవుడు సల్లినట్టు. మా గుంటకి ఇనపడదు కదా, పిలవాలంటే అమ్మగారు ఎట్టిన సైగ అది.” ఆమె నాయుడి వైపు తిరిగింది. “ఆడు మా తవుణ్ణి పేరెట్టి పిలిసాడు.”

మన్మథరావు తన చేతిని చూసుకున్నాడు. స్టేషన్లో నాయుడికి చూపించిన చేయి అది.

“ఆ సైగ ఎవరెవరికి తెలుసు?” అన్నాడు నాయుడు.

“బల్లో ఎవులికీ తెల్దు. ఆలు బుజం తట్టి పిలుస్తారు. ఇంట్లోనే. నాను, అమ్మగారు, సచ్చిపోయిన సిన్నమ్మగారు…” వేలు మడుస్తున్న చేయి ఆగిపోయింది. “సుందరం బాబు. ఆ ఇంట్లోనే ఉండి సదువుకున్నారు. సిన్నప్పుడు మా గుంటని బుజానేసుకుని తిప్పీవోరు.”

“సుందరం అంటే ఆ టీ తెచ్చిన అబ్బాయా?” అన్నాడు మన్మథరావు. అడుగుతూనే ఫోను తీశాడు. చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. మళ్ళీ నొక్కి మళ్ళీ విన్నాడు. “స్విచ్చాఫ్.”

‘వెళ్ళిరా’ అన్నది ఎవరో నాయుడు గుర్తు చేయలేదు.

“పెద్దమ్మకి ఇడ్లీ తెచ్చి పెట్టినోడు ఇలా ఎందుకు చేస్తాడు నాయుడు గారూ?”

“ఆ రిటర్ను రాసినాయన్ని అడుగుదాం.”

ఆఖరు తేదీ దగ్గరపడడంతో సోమయాజులు ఆఫీసు కిక్కిరిసి ఉంది. యూనిఫాం చూసి అందరూ దారి ఇచ్చారు. సోమయాజులు బక్కపలచటి మనిషి, రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

“కొనుక్కున్న పిల్ల అంటే మీకు ఏమని అర్థమైంది?” నాయుడు నిలబడే అడిగాడు.

“దత్తత అనుకున్నానండి. ఎవరో పేదవాళ్ళ పిల్లని పెంచుకుంటున్నారు, ఆ మాట పైకి చెప్పడానికి మొహమాటపడుతున్నారు అనుకున్నాను. ఆవిడ ముఖం చూస్తే ఇంకో ప్రశ్న వెయ్యబుద్ధి కాలేదు. కూతురు అని పెట్టేశాను. మినహాయింపు వస్తే ఆవిడకి మంచిదే కదా.”

“దత్తత కాయితం అడగలేదా?”

“లేదండి” అన్నాడు సోమయాజులు. “అడగవలసింది.”

“నోటీసు వచ్చాక హేమసుందర్ మీ దగ్గరికి వచ్చాడా?”

“వచ్చారండి. అది ఆయన మెయిలుకే వచ్చింది. చాలా కంగారుగా ఉన్నారు. ‘మా పెద్దమ్మకి కూతురేమిటండీ, ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అన్నారు. ఆవిడే చెప్పారండీ అన్నాను. ‘అయితే రేపు ఇల్లు ఆ పిల్లకే పోతుందా?’ అన్నారు. దత్తతైనా కన్నకూతురితో సమానమే కదండీ అన్నాను. నాకు తెలిసింది చెప్పాను.”

మన్మథరావు నాయుడి వంక చూశాడు. నాయుడు కిటికీ వంక చూస్తున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట మృత్యువు కళ్ళు కప్పడానికి ఒక తల్లి తన బిడ్డని ఇంకొకరి బిడ్డని చేసింది. మృత్యువు నమ్మిందో లేదో తెలియదు. హేమసుందర్ నమ్మాడు. పిల్లని తీసేస్తే ఇల్లు తనది. నేరం పెద్దమ్మ మీదికి తిరిగి, ఆ షుగరు మనిషి జైల్లో పడితే ఆ ఇంటి కోసం ఎదురుచూడవలసిన కాలం కూడా తగ్గుతుంది. అందుకే కాయితాలు మోసుకొచ్చాడు, ఫ్లాస్కుతో పాటు.

“ఇంకేమైనా అడిగాడా?”

సోమయాజులు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తుడవలేదు. ఊరికే పెట్టాడు.

“వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారండి. ‘డిపెండెంట్ చనిపోతే ఆ సంగతి ఎక్కడ రాయాలి?’ అన్నారు. పిల్లకి ఒంట్లో బాగా లేదేమో, ముందు జాగ్రత్తకి అడుగుతున్నారేమో అనుకున్నాను.”

“మీరేమన్నారు?”

“ఎక్కడా రాయక్కర్లేదండీ, వచ్చే ఏడాది పేరు వదిలేస్తే చాలు అన్నాను.”

“ఏ రోజు?”

“బుధవారమండి. సాయంత్రం.”

బయట ఎవరో టోకెన్ నంబరు పిలిచారు. ముందు తేరుకున్నది మన్మథరావే. ఫోనులో గబగబా చెప్పాడు. యలమంచిలి, నక్కపల్లి, కోటవురట్ల, అన్ని దారులూ చూడమన్నాడు. వర్ధనమ్మ గారిని ఇంటికి పంపించమన్నాడు. ‘గారు’ అనడం అదే మొదలు.

ఆఫీసు మెట్ల కింద అప్పలలక్ష్మి నిలబడి ఉంది. “ఏటన్నారు బాబూ?” అంది. నాయుడు సోమయాజులు చెప్పిన చివరి మాట ఆమెకి చెప్పలేదు. “తీసుకెళ్ళింది సుందరమే” అని మాత్రం అన్నాడు. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఒళ్ళో ఉన్న చేతి వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి, తవుడు చల్లినట్టు.

వెతకడానికి వెళ్ళే కానిస్టేబుళ్ళు జీపు చుట్టూ చేరారు. ఒకడు మెగాఫోను తెచ్చాడు.

“అది లోపల పెట్టు” అన్నాడు మన్మథరావు. “గొంతెత్తి పిలిస్తే లాభం లేదు. తాళం వేసిన గది కనపడితే తలుపు తీసి లోపలికి వెళ్ళి చూడండి. పిల్ల మిమ్మల్ని చూస్తే భయపడుద్ది, దాక్కుంటది. అప్పుడు ఇలా చెయ్యండి.”

అతను చేతిని నడుము ఎత్తుకి దించి, వేళ్ళు నేలవైపు ఉంచి, బొటనవేలితో రుద్ది చూపించాడు. ఒక కానిస్టేబులు చేయి పైకెత్తి రుద్దాడు. “అలా కాదు, అది డబ్బులు” అని సీఐ వాడి మణికట్టు పట్టుకొని కిందికి తిప్పాడు. “ఇది ఆ పిల్ల పేరు.”

సింగన్న చేసి చూపించాడు. మిగతావాళ్ళు చేశారు. జీపులు కదిలాయి.

హేమసుందర్ ఫోను ఆ తర్వాత కూడా మోగలేదు. లాయరు ఇంటికి అతను అసలు వెళ్ళనే లేదు. తవుడు ఇంకా దొరకలేదు.